హెడ్‌సెట్‌లో రానీ మేస్త్రి గొంతు

రానీ మేస్త్రి అంటే కొత్తగా పనిలో చేరినవాళ్ళంతా ఎవరో ఆడమనిషి అనుకుంటారు. రాణి కాదు బాబూ, రానీ. రానీ, రానీ, ఇంకొంచెం రానీ అంటారే, ఆ రానీ. షెడ్డు కప్పు కింద పెద్ద క్రేను అటూ ఇటూ తిరుగుతుంటుంది. దాన్ని నడిపే మనిషి పైన గూడులాంటి క్యాబిన్‌లో కూర్చుంటాడు. కింద నిలబడి, బరువు ఎటు జరగాలో, ఎంత దిగాలో చెయ్యూపుతూ, నోటితో చెప్పే మనిషి ఒకడుండాలి. ఆ మనిషి మన మేస్త్రి. ఇనుప పలకలు, గొట్టాలు, ఇల్లంతేసి ట్యాంకులు, అన్నీ ఆయన మాట మీద లేచి ఆయన మాట మీదే దిగేవి. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలుసని నలుగురికీ కాస్త ఎక్కువగానే తెలిసేలా నడిచేవాడు.

క్రేను పని నేర్పడానికి కంపెనీవాళ్ళు హెడ్‌సెట్లు తెప్పించారని విన్నప్పుడు అందరికంటే ముందు నవ్వింది ఆయనే. క్యాంటీన్ పక్క గదిలో బల్లలన్నీ తీసేసి, నేలమీద మెత్తటి చాపలు పరిచి, గోడకి ఓ పెద్ద టీవీ తగిలించారు. ట్రైనింగ్ మేడమ్ అని ఒకావిడ వచ్చింది. చిన్న వయసు, నెమ్మదైన మాట. నల్లటి డబ్బాలాంటిది కళ్ళకి పెట్టి, వెనకాల పట్టీ బిగించి, రెండు చేతులకీ రెండు పిడులిచ్చేది. అంతే, ఇక ఆ మనిషికి ఈ గది లేదు. తలెత్తితే షెడ్డు కప్పు, తల దించితే కాళ్ళ కింద పాతాళం, ఎదురుగా క్రేను మీటలు. బయటినుంచి చూసేవాళ్ళకి మాత్రం ఖాళీ గాల్లో దోమల్ని పట్టుకుంటున్న మనిషి కనిపించేవాడు. ఒకడు కళ్ళు తిరిగి గోడకి గుద్దుకున్నాడు. ఇంకొకడు కొక్కెం మీదకొచ్చేస్తోందని వంగి, వంగి, మేడమ్ కాళ్ళ మీదే పడ్డాడు. మేస్త్రి కిటికీలోంచి చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. ఇంటికెళ్ళి పెళ్ళానికి ఆడి మరీ చూపించాడు.

మేడమ్ చెప్పే మాటలో అర్థం లేకపోలేదు. నిజం క్రేను మీద తప్పు చేస్తే మనిషి పోతాడు, ఇందులో ఎన్ని తప్పులు చేసినా ఎవరికీ గోరు కూడా ఊడదు అనేది. గొలుసు తెగడం, కరెంటు పోవడం, బరువు ఊగిపోవడం, ఉద్యోగం మొత్తంలో ఎప్పుడో ఒకసారి ఎదురయ్యేవి ఇందులో ఒక్క పూటలో చూపించొచ్చు అనేది. మేస్త్రి ఇవన్నీ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు. అయితే ఒకరోజు ఆవిడ నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది. పాఠంలో కింద నిలబడి చెప్పే బొమ్మకి గొంతు కావాలట. షెడ్డులో ఎవర్నడిగినా ఈయన పేరే చెప్పారట. ఆ మాటతో మేస్త్రి పూర్తిగా ఆవిడ పక్షం అయిపోయాడు.

రికార్డింగ్ రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. గోడలకి మెత్తలు అంటించిన గది. మైకు ముందు స్తంభంలా నిలబడి, పైకి, కిందికి, ఎడమకి, కుడికి, ఆపు అని బడిపిల్లాడు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. మేడమ్ నవ్వాపుకుని, ఇవి ఉంటాయి గానీ సార్, మీరు షెడ్డులో ఎలా అంటారో అలా అనండి, మైకు సంగతి మర్చిపోండి, నేనే క్రేను అనుకోండి అంది. కళ్ళజోడు పెట్టె ఒకటి చేతిలోకి తీసుకుని గాల్లోంచి మెల్లగా బల్ల మీదికి దించడం మొదలుపెట్టింది. ఇక మన మేస్త్రికి ఊపొచ్చింది. రానీ, రానీ, కొంచెం ఎడమకి, ఆఁ, రానీ. ఆవిడ మధ్యలో ఆగి ఇంకానా అన్నట్టు చూస్తే, ఆఁ, ఆఁ, రానీ అన్నాడు. సాయంత్రం దాకా అలా ఎన్ని పెట్టెలు దించారో. ఎంత సహజంగా ఉందో సార్ అని మేడమ్ మురిసిపోయింది. ఈయన అంతకు రెండింతలు మురిసిపోయాడు.

ఆ వారమంతా ఇంట్లో ఇదే ఊదర. నా గొంతు మిషన్లో పెట్టారు, రేపు నేను రిటైరైనా నా గొంతు డ్యూటీ చేస్తుంది అని. ఆయన భార్య ఓ రెండ్రోజులు ఓపిక పట్టింది. మూడోనాడు, పోనీలెండి, ఇంట్లో మీ మాట వినే దిక్కు ఎలాగూ లేదు, కళ్ళకి గంతలు కట్టించుకుని వినేవాళ్ళైనా దొరికారు అంది. మేస్త్రి కూడా నవ్వేశాడు. మరి ఆ గంతలు తానూ ఓసారి కట్టుకుని చూశాడా అంటే, లేదు. కళ్ళజోడుకి అడ్డమొస్తుందనీ, తల తిరుగుతుందనీ సాకులు చెప్పేవాడు. ఎవర్ని చూసి కిటికీలోంచి నవ్వాడో వాళ్ళంతా ఇప్పుడు ఆ కిటికీ దగ్గర చేరతారని అసలు భయం.

ఇక్కడ మేనకోడలి సంగతి చెప్పాలి. మేస్త్రి చెల్లెలి కూతురు. బట్టల కొట్లో పొద్దుట్నుంచి రాత్రిదాకా నిలబడి చీరలు విప్పి చూపించి, మళ్ళీ మడతపెట్టే పని చేసేది. నాకీ మడతలు వద్దు మామయ్యా, క్రేను నేర్చుకుంటాను అని ఒకరోజు ఉన్నట్టుండి అంది. చెల్లెలు గొల్లుమంది. ఇనుము మధ్య, మగాళ్ళ మధ్య ఆడపిల్లకి ఏం పని అంది. అప్పుడు మేస్త్రి, కింద నేను ఉంటాను కదే, నా చెయ్యి దాటి ఏం జరుగుతుంది అని మాటిచ్చాడు. ఆ ఒక్క మాట మీదే చెల్లెలు ఒప్పుకుంది. ఆ షెడ్డులో క్రేను ఎక్కబోయే మొదటి ఆడపిల్ల. అందరి కళ్ళూ ఆమె మీదే. మేస్త్రికి అదో గర్వం, అదో గుబులు.

పిల్ల చురుకు. మిగతావాళ్ళు హెడ్‌సెట్ తీసేసి వాంతికి పరిగెడుతుంటే, మేడమ్ ఇంకో పాఠం పెట్టండి అనేది. పొద్దస్తమానం అందులోనే. మీ మేనకోడలి చెయ్యి అస్సలు వణకదు సార్ అని మేడమ్ చెప్పింది. పిల్లేమో ఇంటికొచ్చి, పడుకున్నా మీ గొంతే వినపడుతోంది మామయ్యా అనేది. ఆ మాటకి ఈయన పొంగిపోయి, విను, విను, బాగా విను అన్నాడు.

పరీక్ష పాసై నిజం క్రేను ఎక్కింది. మొదట్లో పాత డ్రైవరు ఒకాయన పక్కన కూర్చునేవాడు. తర్వాత ఒంటరిగానే. అన్నీ ఎదురుగా కనిపించే బరువులే కాబట్టి మామయ్య చేతిని చూస్తూ దించేది. చెయ్యి తెరిచి ఊపితే రావాలి, పిడికిలి బిగిస్తే ఆగాలి. ఏ ఇబ్బందీ లేదు. ఆ షెడ్డులో అప్పుడే కొత్తగా వాకీటాకీలు కూడా ఇచ్చారు, కానీ ఎవరూ వాటిని పెద్దగా పట్టించుకోలేదు.

ఆ రోజు ఒక పెద్ద మోటారుని, పేర్చిన ఇనుప పలకల వెనకాల దించాల్సి వచ్చింది. పలకలు గోడలా ఎత్తుగా ఉన్నాయి. క్యాబిన్‌లోంచి చూస్తే గోడకి ఇవతలే కనిపిస్తుంది, అవతల ఏముందో కనపడదు. అందుకే వాకీటాకీ తీశారు. అవతల మేస్త్రి, ఆయన పక్కన బక్కాయన. బక్కాయన అంటే గొలుసులు కట్టే మనిషి, మేస్త్రితో పాటు ఒకే రోజు ఉద్యోగంలో చేరాడు, అప్పట్నుంచీ ఇద్దరూ ఒకే బల్ల మీద అన్నం తింటారు. మోటారు నేరుగా నేలమీద కూర్చోకూడదు కాబట్టి బక్కాయన కింద చెక్క దిమ్మెలు పేరుస్తున్నాడు. రానీ, రానీ అంటున్నాడు మేస్త్రి. మోటారు మోకాలెత్తుకి వచ్చింది. ఒక దిమ్మె కాస్త పక్కకి ఒరిగింది. బక్కాయన దాన్ని సరిచెయ్యడానికి చెయ్యి పెట్టాడు. మేస్త్రి చూశాడు. చూసి, ఆఁ అన్నాడు. పిడికిలి బిగించాడు. మోటారు ఆగలేదు. ఆఁ అని ఈసారి గొంతు పెంచి అరిచాడు. మోటారు అదే వేగంతో, ఎంతో నమ్మకంగా దిగింది. బక్కాయన కేక వాకీటాకీలోంచి పైకి వెళ్ళాకే అది ఆగింది.

బక్కాయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. కుడిచేతికి బొటనవేలు తప్ప ఏదీ దక్కలేదు.

పిల్ల నిచ్చెన దిగి వచ్చింది. మేస్త్రి కోపంతో ఒళ్ళు తెలియకుండా ఉన్నాడు. అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"చెవుల్లో ఏం పెట్టుకున్నావే? ఆఁ అన్నాను కదా. ఒకసారి కాదు, రెండుసార్లు అన్నాను."

"అన్నారు మామయ్యా. అందుకే దించాను."

"ఆఁ అంటే దించడమా?"

"ఆఁ అంటే రానీ కదా మామయ్యా. మీరే కదా చెప్పారు, రోజూ."

మేస్త్రికి ఆ మాట తలకెక్కలేదు. అబద్ధమాడుతోందనుకున్నాడు, భయంతో ఏదో వాగుతోందనుకున్నాడు.

మన ఆఁ ఉంది చూశారూ, దాని పని దేవుడికే తెలియాలి. అన్నం తిన్నావా అంటే ఆఁ. పిలిస్తే ఆఁ. వినపడకపోతే ఆఁ. కూర వడ్డిస్తుంటే చాలు అని చెప్పడానికీ ఆఁ, ఆఁ, ఇంకొంచెం వెయ్యమనడానికీ ఆఁ, ఆఁ. ఎవడో గొప్పలు పోతుంటే వెటకారంగా ఆఁ. బిడ్డ మంచం అంచుకి పాకితే గుండె ఆగినంత పనై ఆఁ. అక్షరం ఒకటే, తేడా అంతా గొంతులో, మొహంలో, చేతిలో ఉంటుంది. ఎదురుగా ఉన్న మనిషికి ఏ ఆఁ ఏదో ఇట్టే తెలిసిపోతుంది. గోడ అవతల ఉన్నవాడికి, గరగరలాడే వాకీటాకీలో, ఎలా తెలుస్తుంది? ఇదంతా మేస్త్రి అప్పుడు ఆలోచించలేదు. తన ఉద్యోగం మొత్తం తన ఆఁకి క్రేను ఆగింది. అదొక్కటే ఆయనకి తెలుసు.

విచారణ పెట్టారు. అది తేలేదాకా పిల్లని క్రేను దింపేసి స్టోరు గదిలో కూర్చోబెట్టారు, గ్లవ్సులూ హెల్మెట్లూ ఇచ్చి పుచ్చుకునే పని. తప్పు ఆమెదని తేలితే ఉద్యోగం పోతుంది, ఇంకే షెడ్డులోనూ క్రేను ముట్టుకోనివ్వరు. ఆడపిల్లని ఎక్కిస్తే ఇంతే అనే నోళ్ళు అప్పటికే లేచాయి. చెల్లెలు మేస్త్రి ఇంటికొచ్చి ఏడ్చింది గానీ ఒక్క మాట కూడా ఆయన్ని అనలేదు. మామయ్య ఎదురుగా నిలబడి వాదించకు, పెద్దవాడు, ఏదైతే అదవుతుంది అని కూతురికే నచ్చజెప్పి వెళ్ళింది. ఆయన భార్య మాత్రం, పిల్ల అంటున్న మాటేమిటో ఒకసారి కూర్చోబెట్టి వినండి అంది. మేస్త్రి కంచం ముందునుంచి లేచిపోయాడు.

ఆస్పత్రికి రోజూ వెళ్ళేవాడు. బక్కాయన ఎవరినీ ఏమీ అనలేదు. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, పలకలు అంత ఎత్తు పేర్చకుండా ఉండాల్సింది అన్నాడు ఒకసారి. ఇంకోసారి, నువ్వు ఆఁ అన్నావు, నేను విన్నాను, చెయ్యి తీద్దామనుకునేలోపే అన్నాడు. మేస్త్రికి ఆ సాక్ష్యం చాలా ధైర్యాన్నిచ్చింది. ధైర్యం వచ్చినందుకు బయటికొచ్చాక సిగ్గేసింది కూడా.

విచారణ ట్రైనింగ్ గదిలోనే జరిగింది. సేఫ్టీ ఆఫీసరు, ట్రైనింగ్ మేడమ్, ఇద్దరు పాత డ్రైవర్లు, మేస్త్రి, మేనకోడలు. మేస్త్రి ఆఁ అంటే ఆగడమేనని పాత డ్రైవర్లిద్దరూ చెప్పారు. ఆయన ఆఁ అంటే ఆపమనేనని మీకెలా తెలిసేది అని ఆఫీసరు అడిగితే, పిడికిలి కనపడేది కదండీ అన్నారు. పిల్లని అడిగారు. ఆమె తలొంచుకుని, తప్పు నాదేనండి, సరిగ్గా వినలేదు అంది. ఆ మాట వినగానే మేస్త్రి గుండెల మీంచి బండ దింపినట్టయింది. మరుక్షణం ఆ పిల్ల మెడ వంచుకున్న తీరు చూసి కిటికీ వైపు తిరిగిపోయాడు.

అప్పుడు మేడమ్ ఒప్పుకోలేదు. ఈ పాఠంతోనే ఇంకా చాలామంది నేర్చుకుంటున్నారు సార్, తేలకుండా వదలకూడదు అంది. రికార్డింగ్ వినిపించింది. స్పీకర్లోంచి మేస్త్రి గొంతు హాయిగా, రానీ, రానీ, ఆఁ, రానీ అంది. అక్కడ ఆపమనే అన్నాను అన్నాడు మేస్త్రి. తర్వాత మళ్ళీ రానీ అన్నారు కదా అంది మేడమ్. మీ మిషన్ ఎక్కడివో తెచ్చి ఎక్కడో అతికించింది అన్నాడు. మాటా మాటా పెరిగింది. చివరికి మేస్త్రి కుర్చీలోంచి లేచాడు.

"ఇలా తెండమ్మా దాన్ని. నా ఆఁకి నేనే ఆగి చూపిస్తాను. అప్పుడైనా నమ్ముతారా?"

కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. మేడమ్ పట్టీ బిగించింది. లోపల ఎవరెవరిదో చెమట వాసన. చీకటి. తర్వాత ఒక్కసారిగా వెలుతురు, కాళ్ళ కింద షెడ్డు. అంత ఎత్తు. అంత ఎత్తులో తన ఉద్యోగమంతా ఎవరెవరో కూర్చుని తన మాట విన్నారని ఆయనకి మొదటిసారి తట్టింది. కింద మనుషులు చిన్నగా ఉన్నారు. ఎదురుగా పలకల గోడ. దాని అవతల, కనపడని చోటునుంచి, తన గొంతే పిలిచింది. రానీ, రానీ.

తెలిసినంత వరకూ పిడులు నొక్కాడు. మోటారు కదిలింది. ఆఁ అంది గొంతు. మేస్త్రి ఠక్కున ఆపేశాడు. చూశారా అన్నాడు బయటికి, గర్వంగా. మోటారు గాల్లో వేలాడుతోంది. గొంతు మళ్ళీ వచ్చింది. ఆఁ, ఆఁ, రానీ. నెమ్మదైన గొంతు. కడుపు నిండిన మనిషి గొంతు. ఆ ఆఁలో ఆపమనే మాటే లేదు. రా నాన్నా, రా, ఏం భయం లేదు అని ఉంది. మేస్త్రి మళ్ళీ దించడం మొదలుపెట్టాడు. కొంచెం ఎడమకి, ఆఁ, రానీ. దించాడు. ఆఁ. దించాడు. గదిలో జనం ఉన్నారని మర్చిపోయాడు. టీవీ మీద అందరూ చూస్తున్నారని మర్చిపోయాడు. ఎంత బాగా చెబుతున్నాడు అనుకున్నాడు, చెప్పేది తనేనని కూడా మర్చిపోయి. ఆఁ అన్న ప్రతిసారీ ఆయన బొటనవేలు పిడిని ఇంకాస్త గట్టిగా నొక్కింది.

ఇంతలో పాఠం మారింది. పలకల గోడ పక్కకి తొలగినట్టై అవతలి వైపు కనిపించింది. బొమ్మమనిషి ఒకడు దిమ్మె సరిచెయ్యడానికి చెయ్యి పెట్టాడు. ఆపు, అంది గొంతు. అదీ తనదే, ఇస్త్రీ చొక్కా వేసుకుని అప్పజెప్పిన ఆపు. ఎవరో పరాయివాడు అన్నట్టు ఉంది. షెడ్డులో ఏనాడూ ఆయన అనని మాట. అది తనకే చెబుతున్నారని ఆయనకి అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. మోటారు దిగిపోయింది. బొమ్మమనిషి చేతి మీదికే దిగింది. కేక లేదు, రక్తం లేదు. కళ్ళముందు ఒక్కసారి ఎర్రగా మెరిసింది.

అప్పుడు తన గొంతే, ఎంతో ఆప్యాయంగా అంది. "ఏం పర్లేదు. మళ్ళీ మొదలెడదాం."

ఈ మాట ఎప్పుడన్నాడో ఆయనకి గుర్తే లేదు. కళ్ళజోడు పెట్టె బల్ల మీంచి జారిపడ్డప్పుడు మేడమ్‌తో అని ఉంటాడు. మోటారు మళ్ళీ పైన ఉంది. బొమ్మమనిషి రెండు చేతులూ బాగానే పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

మేస్త్రి తనంతట తాను పట్టీ విప్పుకోలేకపోయాడు. మేడమే విప్పింది. కళ్ళజోడు పెట్టుకోకుండానే, ఎవరి మొహమూ సరిగ్గా కనపడకుండానే, ఆయన చెప్పాల్సింది చెప్పాడు.

"నావి రెండు ఆఁలు సార్. నాకే తెలియదు. ఆ పిల్లకి ఒకటి నేర్పి, రెండోది అరిచాను. తప్పు పిల్లది కాదు."

ఆఫీసరు చాలా మర్యాదగా మాట్లాడాడు. ఇందులో ఒకరి తప్పని కాదన్నాడు. రికార్డింగ్ మారుస్తామన్నాడు. ఇకనుంచి అన్ని షెడ్డుల్లోనూ ఆపడానికి ఆపు ఒక్కటే మాట, ఆఁ ఊఁ అని అనకూడదని ఉత్తర్వు ఇస్తామన్నాడు. అమ్మాయి రేపట్నుంచి క్రేను ఎక్కొచ్చన్నాడు. అందరికీ టీలు వచ్చాయి. పిల్ల మాత్రం ఆ టీ ముట్టుకోకుండా లేచి స్టోరు గదికి వెళ్ళిపోయింది.

మేస్త్రి వెనకాలే వెళ్ళాడు. ఆమె బల్ల మీద గ్లవ్సులు జతలు చేస్తోంది. గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ రోజు అందరి ముందూ అలా అరవకుండా ఉండాల్సింది అన్నాడు. పర్లేదు మామయ్యా అంది. ఆ మాట వినగానే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

జతలు చేస్తూనే పిల్ల మాట్లాడింది. తలెత్తలేదు. హెడ్‌సెట్‌లో ఆ మనిషి చెయ్యి ఎన్నిసార్లు నలిపేశానో తెలియదు మామయ్యా అంది. మొదట్లో భయమేసేది. తర్వాత, నలిగినప్పుడల్లా మీరు మాట్లాడేవారు కదా, దానికోసం చూసేదాన్ని అంది. చేతిలోని గ్లవ్సు మడత విప్పింది, మళ్ళీ మడిచింది.

"ఆ రోజు బక్కాయన కేక వినపడింది. వినపడ్డాక కూడా, మీరు ఏం పర్లేదు అంటారేమోనని చూశాను మామయ్యా. ఒక్క క్షణమే. అది విన్నాక మీట మీంచి చెయ్యి తీద్దామని."

మేస్త్రి అక్కడే ఉన్న డబ్బా మీద కూర్చుండిపోయాడు. ఆ క్షణానికి ఎన్ని వేళ్ళు పోయాయని ఆమె అడగలేదు, ఆయన పైకి లెక్క వెయ్యలేదు. లోలోపల వెయ్యకుండా ఉండటం ఇద్దరికీ చేతకావడం లేదు. నాలో ఏదో చచ్చిపోయింది మామయ్యా, భయం ఉండాల్సిన చోట అంది పిల్ల. నేను పైకి ఎక్కను. ఇప్పుడే ఎక్కను. నన్ను బక్కాయన చోట్లో వెయ్యమని అడగండి, ఆ బరువు కింద నిలబడి చూడాలి, అది మీదికొస్తుంటే ఎలా ఉంటుందో తెలియాలి అంది. మీ అమ్మకి ఏం చెప్పను అన్నాడు మేస్త్రి. నేను చెప్పుకుంటాను అంది.

ఆఫీసరు ఆశ్చర్యపోయాడు గానీ ఒప్పుకున్నాడు. చెల్లెలు ఈసారి ఏడవలేదు. అన్నయ్యని చూడటానికి రావడమే మానేసింది. ఆయన భార్య కూడా ఇదివరకులా వేళాకోళాలు ఆడటం లేదు. రాత్రి కంచం పెట్టి పక్కన ఊరికే కూర్చుంటోంది.

మేనకోడలు గొలుసులు కట్టడం నేర్చుకుంది. బరువు ఎత్తేటప్పుడు పక్కకి జరగడం, దింపేటప్పుడు దిమ్మెలు పెట్టి వెనక్కి రావడం నేర్చుకుంది. చిన్న చిన్న బరువులతో కొన్నాళ్ళు గడిచాయి. ఆ రోజు మళ్ళీ ఒక మోటారు వచ్చింది. పైన పాత డ్రైవరు. మేస్త్రి చేతిలో వాకీటాకీ. మోటారు కప్పు దగ్గర్నుంచి దిగుతోంది. దాని నీడ ముందు నేలమీద పడింది, తర్వాత దిమ్మెల మీద, తర్వాత వంగి దిమ్మె సర్దుతున్న పిల్ల వీపు మీద.

ఆపు, అన్నాడు మేస్త్రి.

క్రేను ఆగింది. మోటారు ఇంకా మనిషెత్తున్నర పైనే ఉంది. ఏమైంది మేస్త్రీ, ఇంకా చాలా ఉంది కదా అని డ్రైవరు వాకీటాకీలో అడిగాడు. చెమటతో వాకీటాకీ చేతిలోంచి జారిపోతోంది. పక్క వరసల్లో పనివాళ్ళు కూడా పని ఆపి చూస్తున్నారు. మేనకోడలు లేచి, వెనక్కి జరిగి, దూరంగా వచ్చి నిలబడింది.

"బయటికి వచ్చేశాను మామయ్యా. చూడండి" అంటూ రెండు చేతులూ పైకెత్తి చూపించింది.

ఆయన చూశాడు. పది వేళ్ళూ చూశాడు. చూసి కూడా వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని మళ్ళీ, ఆపు అన్నాడు.